పుష్యమాసంలో బనియన్ల కవాతు

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామోపాధ్యాయులు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, లేచే ముందు అసలు సంగతి అడుగుతారు. "మాస్టారూ, మీ రోజుల్లో మీరు గేటు దగ్గర కనబడితే చాలు, స్కూలంతా గప్‌చుప్ అయిపోయేదంట కదండీ. మా పిల్లలు లైన్లో నిలబడ్డమే లేదండి. ఏదైనా కిటుకుంటే చెప్పండి" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. కిటుకు ఉంది. ముప్పై ఏళ్ళ పైబడిన ఉద్యోగంలో నాకు బాగా పట్టుబడింది అదొక్కటే. కాని అదేమిటో చెప్పాలంటే ఒక జనవరి ఉదయం సంగతి మొత్తం చెప్పాలి. అది కాఫీ చల్లారేలోపు తేలే వ్యవహారం కాదు కనక ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మాట. అమలాపురానికి తూర్పుగా, గౌతమీ పాయకు దగ్గర్లో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను డ్రిల్లు మాస్టర్ని. యానాం వంతెన అప్పటికి కట్టలేదు. మా వైపు నుంచి కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంక రేవులో లాంచీ ఎక్కి గోదావరి దాటి, అవతల యానాంలో బస్సు పట్టుకోవాలి. ప్రతి ఏటా జనవరి ఇరవయ్యారున కాకినాడ మైదానంలో జిల్లా స్కూళ్ళ కవాతు పోటీ జరిగేది. ఆ షీల్డు మా హెడ్మాస్టరు గారి గది బీరువాలో ఉండాలన్నది నా జీవితాశయం. నవ్వుకోండి, పరవాలేదు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది.

అంతకు ముందు ఏడాది మేం ఓడిపోయాం. ఓడిపోవడం కాదు నన్ను కాల్చింది. ఆ రోజు చలిగా ఉందని పిల్లలు తలా ఒక స్వెట్టరు తొడుక్కుని వచ్చారు. ఒకడిది గులాబీ రంగు, ఒకడిది చిలకాకుపచ్చ. ఒకడు మంకీ టోపీ పెట్టుకున్నాడు, మరొకడు వాళ్ళ నాన్న గల్ఫు నుంచి తెచ్చిన కోటు మోకాళ్ళ దాకా వేసుకున్నాడు. నేనూ చూసీ చూడనట్టు వదిలేశాను. మైదానంలో మా వరస ముందుకు కదలగానే న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దమనిషి పక్కాయనతో, "ఇది డ్రిల్లా, సంతా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఏడాది పొడుగునా నా చెవిలో ఉండిపోయింది.

అందుకని మరుసటి సంవత్సరం డిసెంబరు మొదటి వారంలోనే ముప్పై ఇద్దరు పిల్లల్ని ఏరుకున్నాను. అందరూ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులవాళ్ళు. నా పద్ధతి చాలా సులువు. 'సావధాన్' అన్నానంటే మళ్ళీ 'విశ్రామ్' అనేదాకా కనురెప్ప తప్ప ఏదీ కదలకూడదు. దగ్గొచ్చినా మింగెయ్యాలి. ఈల ఊదితే కూర్చున్నవాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడాలి. ఇవి ఎవరైనా నేర్పుతారు. నా సొంత కిటుకు వేరే ఉంది. సావధాన్‌లో పావుగంట నిలబెట్టి, వరసల మధ్య తిరుగుతూ, గొంతులో తేనె పోసుకుని, "పాపం, దాహం వేస్తోందా? ఎవరికి మంచినీళ్ళు కావాలో చెయ్యెత్తండమ్మా" అనేవాణ్ణి. ఎత్తిన చేతి మీద బెత్తం పడేది. ఇంకో రోజు, "కాళ్ళు నొప్పెట్టిన వాళ్ళు కూర్చోండి" అనేవాణ్ణి. కూర్చున్నవాడి పిక్కల మీద పడేది. రెండు వారాలయ్యేసరికి నేనేం అడిగినా ఎవరూ చెయ్యి ఎత్తడం మానేశారు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. ఊళ్ళో పెద్దలు కూడా అలాగే అనుకుని మెచ్చుకున్నారు.

ఆ ముప్పై ఇద్దరిలోనూ మొదటి వరస మొదటి స్థానం ఒక ఏడో తరగతి పిల్లది. సన్నగా, పీలగా, చేతులు అగ్గిపుల్లల్లా ఉండేవి. కాని నెలన్నర సాధనలో ఒక్కసారీ కదల్లేదు. ముక్కు మీద ఈగ వాలినా అలాగే నిలబడేది. ఆ పిల్లను చూపించి మిగతావాళ్ళను తిట్టేవాణ్ణి.

దుస్తులు కుట్టే పని మా కుట్టు టీచరుగారికి అప్పగించాను. మగపిల్లలకు చేతుల్లేని తెల్ల బనియన్లు, నీలం నిక్కర్లు. ఆడపిల్లలకు పొట్టి చేతుల తెల్ల జాకెట్లు, మోకాళ్ళ వరకు నీలం పావడాలు. టీచరుగారు గుడ్డను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూశారు.

"మాస్టారూ, ఇది ఎండాకాలం గుడ్డండి. అవతలున్న మనిషి కనబడిపోతన్నాడు. పుష్యమాసంలో, తెల్లారగట్ట, గోదారి మీద ఈ బనియన్లేంటండీ? పైన తలా ఒక స్వెట్టరు..."

"స్వెట్టర్ల మాట ఎత్తకండి," అన్నాను. "చలి కూర్చున్నవాళ్ళకి గాని కవాతు చేసేవాళ్ళకేంటండీ?"

"ఆయ్, సరేనండి," అన్నారావిడ. ఆ 'ఆయ్' లో సమ్మతి లేదని నాకు తెలుసు. తెలిసినా పట్టించుకోలేదు.

ఆ రోజు తెల్లవారుజామున ఐదు గంటలకు అందరినీ స్కూలుకు రమ్మన్నాను. మంచు విపరీతంగా కురుస్తోంది. వేపచెట్టు ఆకుల మీంచి వాన చినుకుల్లా బొట్లు పడుతున్నాయి. పిల్లలు శాలువాలు, తువ్వాళ్ళు, అన్నల చొక్కాలు, అమ్మల పాత చీరలు చుట్టుకుని మూటల్లా వచ్చారు. ఆ పీల పిల్లను వాళ్ళ అమ్మ స్వయంగా తీసుకొచ్చింది. తండ్రి మస్కట్‌లో ఉంటాడు. ఆయన పంపిన దళసరి కోటు ఆ పిల్ల ఒంటి మీద ఉంది.

"మాస్టారూ, పుట్టిన కాణ్ణుంచీ దీనికి మంచుగాలి పడదండి," అంది తల్లి. "ఆయాసం వచ్చేస్తాదండి. గొంతులోంచి పిల్లికూతలు వచ్చేస్తాయండి. మైదానంలోకి వెళ్ళేదాకా కోటు మాత్రం తియ్యనివ్వకండి."

"నేను చూసుకుంటానమ్మా. మీరు నిశ్చింతగా వెళ్ళండి," అన్నాను.

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి, అందరినీ లైన్లో నిలబెట్టాను. కిందటేడాది సంగతి నాకు తెలుసు కదా. దారిలో వేసుకోనిస్తే మైదానం దాకా వేసుకునే ఉంటారు. తీసినవి ఎక్కడ పెట్టాలన్న గొడవ, ఏదో ఒకటి పోయిందన్న ఏడుపు, ఆఖరికి మళ్ళీ సంత. అందుకని పైబట్టలన్నీ ఆటసామాన్ల గదిలో పడేసి రమ్మన్నాను. ఎవరూ కదల్లేదు. నేను పరీక్ష పెడుతున్నాననుకున్నారు. నేను ఆ పిల్ల వైపు చూశాను. "ముందు వరసలో నిలబడేదానివి. నువ్వే ముందు తియ్యాలి," అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం మలుపు వైపు చూసింది. కోటు గుండీలు విప్పి, మడిచి, గదిలో పెట్టి వచ్చింది. ఆమె వెనకాలే మిగిలినవాళ్ళూ పెట్టారు. నేను తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను.

వ్యాను మమ్మల్ని ఎదుర్లంక రేవులో దింపి వెళ్ళిపోయేసరికి ఆరు కావస్తోంది. గోదావరి లేదు. గట్టు అంచున తెల్లటి గోడ ఒకటి నిలబడి ఉంది, అంతే. దాని లోపల ఎక్కడో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. లాంచీ నడిపే సరంగు మెడ దాకా కంబళి కప్పుకుని, చుట్ట కాల్చుకుంటూ మెట్ల మీద కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి.

"లాంచీ తియ్యనండి మాస్టారూ," అన్నాడు నేను నోరు తెరవకముందే. "మంచు విడిచేదాకా ఏ లాంచీ కదలదండి. ఎనిమిది దాటుతాదండి."

"ఎనిమిదిన్నరకి మేం కాకినాడ మైదానంలో ఉండాలి. అవతల బస్సు కూడా చెప్పి ఉంచాం."

"ఆయ్, ఉంచేరండి. గోదారికి తెలీదు కదండీ ఆ సంగతి."

నేను హెడ్మాస్టరు గారి ఉత్తరం చూపించాను. ఆయనకు చదువు రాదన్నాడు. గొంతు పెంచాను. ఆయన చుట్ట పీల్చుకుంటూ వింటూ కూర్చున్నాడు. ఇక లాభం లేదనుకుంటూండగా ఆయన టార్చిలైటు వెలిగించి నా వెనక్కి వేశాడు. వెలుగు వరస పొడుగునా మెల్లగా వెళ్ళింది. మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. మూతులు మాత్రం బిగించి ఉన్నాయి.

"ఏవండీ, ఈ పిల్లల బట్టలేవండీ?"

"అవే బట్టలు."

"ఇయ్యి వేసంకాలం బట్టలు కదండీ బాబూ!" అంటూ లేచి నిలబడ్డాడు. కంబళి భుజం మీంచి జారింది. "ఈ గాలిలో రెండు గంటలు ఈ గట్టు మీద నిలబెడతారా? ఆ పాకకి గోడలు కూడా లేవండి. చచ్చిపోతారండి." చుట్ట పారేశాడు. కాసేపు నీళ్ళ వైపు చూశాడు. "అవతలొడ్డుకి పావుగంట. యానాం గుడి మైకులో పాట ఆనవాలు పట్టుకుని పోతాను. బస్సెక్కి తలుపులేసుకుంటారు. ఎక్కించండి."

నేను గెలిచాననుకున్నాను. ఆ ముసలాయన జాలిపడి ప్రాణాలకు తెగించి బయలుదేరుతున్నాడని, ఆ జాలి పుట్టించింది నేను తొడిగిన బనియన్లని అప్పుడు తట్టలేదు.

లాంచీ అంటే పెద్ద ఓడ అనుకోకండి. నాటుపడవకు ఇంజను బిగించినదే. ఆ వేళ ప్రయాణికులెవరూ లేరు. పిల్లలు, కుట్టు టీచరుగారు, నేను, సరంగు. గట్టు వదిలిన నిమిషంలో గట్టు మాయమైంది. సరంగు కొంతదూరం పోనిచ్చి ఇంజను ఆపేవాడు. చెవి ఒగ్గి వినేవాడు. ఎక్కడో సన్నగా భక్తిపాట వినిపించేది. మళ్ళీ ఇంజను. మూడోసారి ఆపినప్పుడు పాట వినిపించలేదు. నాలుగోసారీ లేదు.

"మైకు కట్టేసేరండి," అన్నాడు సరంగు. మామూలుగానే అన్నాడు గాని, చుక్కాని మీద ఉన్న చెయ్యి బిగుసుకోవడం చూశాను.

పావుగంట అరగంట అయింది. ఒడ్డు రాలేదు. అప్పుడు పడవ అడుగున గరగరమని చప్పుడైంది. ఎవరో పట్టుకుని లాగినట్టు ఆగిపోయి, కుడివైపుకు కొంచెం ఒరిగింది. సరంగు గెడకర్ర తీసి ఎడమ పక్క గుచ్చాడు. మోకాలి లోతు. కుడిపక్క గుచ్చాడు. కర్ర మొత్తం దిగినా అడుగు అందలేదు.

"ఇసకమేట ఎక్కేసిందండి," అన్నాడు గొంతు తగ్గించి. "పాటు తీస్తందండి, నీళ్ళు సముద్రంలోకి లాగేస్తన్నాయి. తగ్గేకొద్దీ పడవ లోతువైపు ఒరుగుద్ది. పిల్లలందరూ ఎడంపక్క కూకోవాలి. కదలకూడదండి. కదిలేరంటే బోల్తానే."

"దిగి మేట మీద నిలబడకూడదా?"

"ఊబండి. పిల్లలు నడుముల దాకా దిగిపోతారు."

నేను పిల్లల్ని ఎడమపక్క బల్లల మీద కూర్చోబెట్టి, "సావధాన్!" అన్నాను. ముప్పై రెండు వెన్నులు ఒక్కసారిగా నిటారుగా అయ్యాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు గర్వం కలిగింది. ఇంకే స్కూలు పిల్లలైనా ఈపాటికి గోల పెట్టి పడవ ముంచేసేవారు, నా పిల్లలు చూడు అనుకున్నాను. సరంగు కూడా, "ఎంత బుద్ధిమంతులండీ," అన్నాడు.

కాని కూర్చుంటే సరిపోదు కదా. మేం ఇక్కడున్నామని ఎవరికైనా తెలియాలి. నా మెడలో ఈల ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుని, ఊపిరంతా కూడగట్టి ఊదాను.

ముప్పై ఇద్దరూ లేచి నిలబడ్డారు.

పడవ ఒక్క ఊపున కుడివైపుకు వాలిపోయింది. అంచు మీంచి గోదావరి లోపలికి దూకింది. కుట్టు టీచరుగారు కేక పెట్టారు. "కూకోండి! కూకోండమ్మా!" అని సరంగు అరుస్తున్నాడు. ఎవరూ కూర్చోలేదు. వాళ్ళు సరంగు మాట వినరు. ఈల తరవాత నా మాటే వినాలి. నేను "బైఠ్!" అనేసరికి కూర్చున్నారు. పడవ ఊగి ఊగి నిలబడింది. పిల్లల నిక్కర్లు, పావడాలు నడుముల దాకా తడిసిపోయాయి. సరంగు నీళ్ళలో ఈడ్చుకుంటూ నా దగ్గరకు వచ్చి, ఈల తాడు పట్టుకుని తెంపి, ఈలను మంచులోకి విసిరేశాడు. ఎక్కడో బుడుక్కున మునిగింది.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. మీకు దణ్ణం పెడతాను," అన్నాడు రొప్పుతూ. "ఇంకోసారి ఊదితే అందరం గోదాట్లో ఉంటామండి."

అప్పుడు నాకు భయం వేసింది. అంతవరకు భయం అంటే నేను ఇతరులకు పెట్టేదే గాని నాకు కలిగేది కాదు. తడిసిన పలచటి గుడ్డ పిల్లల ఒంటికి అంటుకుపోయి పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. టీచరుగారు తన శాలువా విప్పి చిన్నవాళ్ళు ముగ్గురికి కలిపి కప్పారు. సరంగు తన కంబళి ఇచ్చేశాడు. ఇంజను మీద కప్పే టార్పాలిన్ తీసి మరో ఆరుగురి మీద వేశాడు. మిగిలినవాళ్ళకు ఏమీ లేదు. గాలి సముద్రం వైపు నుంచి తగ్గకుండా వీస్తోంది. పిల్లల దవడలు టకటకలాడుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినిపించడం లేదు.

ఎంతసేపయిందో తెలియదు. మంచులోంచి ఇంజను చప్పుడు వినిపించింది. దగ్గరికి వస్తోంది. మా ఇంజను చప్పుడు నది మధ్యలో ఆగిపోయిందని, మేం అవతలికి చేరలేదని యానాం వాళ్ళు వెతకడానికి బయలుదేరారు. సరంగు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "ఓ..." అని కేకలు వేశాడు. నేనూ వేశాను. చప్పుడు దగ్గరగా వచ్చి ఆగింది. వాళ్ళు ఇంజను ఆపి వింటున్నారన్నమాట. సరంగు గొంతు బొంగురుపోయింది.

"మాస్టారూ, పిల్లల్ని అరవమనండి! అందరూ ఒక్కసారి అరిస్తే తెలుస్తాదండి!"

"అరవండి!" అన్నాను.

ఎవరూ అరవలేదు.

"అరవండర్రా! గట్టిగా! ఏమీ అనను, అరవండి!"

ముప్పై రెండు జతల కళ్ళు తిన్నగా ముందుకు చూస్తున్నాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. మంచినీళ్ళు కావాలా అని అడిగినప్పుడు చూసే చూపు అది. వెనక వరసలో ఒకడు నోరు తెరవబోయాడు. పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. వాడు మూసుకున్నాడు.

అవతల ఇంజను మళ్ళీ మొదలైంది. దూరమైంది. ఇంకా దూరమైంది. తరవాత తెలిసింది, వాళ్ళకు మా కేకలు వినిపించాయట. చేపల వలలు వేసేవాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటున్నారని అనుకున్నారట. ముప్పై మంది పిల్లలున్న లాంచీ అయితే ఏడుపులు వినిపించవా అని వాళ్ళ లెక్క. ఆ లెక్కలో తప్పేం లేదు.

"మాస్టారూ," అని కుట్టు టీచరుగారు పిలిచారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఇది వణకట్లేదండి."

ఆ పీల పిల్ల మొదటి బల్ల చివర కూర్చుని ఉంది. అందరూ వణుకుతూంటే తాను మాత్రం నిశ్చలంగా ఉంది. అంతకు ముందు రెండుమూడుసార్లు నేను ఆ వైపు చూశాను. చూసి, శభాష్ అనుకున్నాను కూడా. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూస్తే పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు ఉన్నాయి. చెవి దగ్గర పెట్టి వింటే గొంతులో సన్నటి కూత వస్తోంది, మధ్యమధ్యలో ఆగిపోతోంది. చేతులు మోకాళ్ళ మీద, వేళ్ళు చేర్చి, నేను నేర్పినట్టే ఉన్నాయి.

"ఆయాసం ఎప్పట్నుంచమ్మా?" అని టీచరుగారు ఆ పిల్ల అరిచేతులు రుద్దుతూ అడిగారు. పిల్ల జవాబు చెప్పలేదు. టీచరుగారు తలెత్తి నన్ను చూశారు. "మాస్టారూ, మీ లోపల స్వెట్టరుందండి."

ఉంది. పైన నిండు చేతుల ట్రాకుసూటు, లోపల మా ఆవిడ అల్లిన ఉన్ని స్వెట్టరు. ఆ పొద్దున ముప్పై రెండు ఒళ్ళ మీంచి బట్టలు తీయించిన నాకు నా ఒంటి మీద ఏముందో తట్టనే లేదు. ఆవిడ దెప్పిపొడవడానికి అనలేదు. ఉన్నది గుర్తు చేశారు, అంతే. అది ఇంకా చెడ్డది. నేను రెండూ విప్పి ఆ పిల్లకు చుట్టాను. ఒళ్ళోకి తీసుకుని నా గుండెలకు అదుముకున్నాను. ఆ ఒంట్లో వేడి లేదు. వాళ్ళమ్మతో నేను చూసుకుంటానని అని రెండు గంటలు కూడా కాలేదు. ఈ పిల్ల నా చేతుల్లోనే పోతుందని నాకు అర్థమైంది. అనుమానం కాదు, తెలిసిపోయింది.

"ఏడవండర్రా," అన్నాను మిగిలినవాళ్ళతో. "మీకు దణ్ణం పెడతాను. కొట్టను. దేవుడి మీద ఒట్టు, కొట్టను. ఏడవండి నాయనా. ఈ పిల్ల చచ్చిపోతోంది, ఎవరైనా ఏడవండి."

ఒక్కరూ ఏడవలేదు. ఇంత తియ్యగా నేనెప్పుడు మాట్లాడినా చివర్న ఏం పడుతుందో వాళ్ళకు తెలుసు. ఎంత బతిమాలితే అంత బిగుసుకున్నారు. నేను నెలన్నరపాటు కష్టపడి వేసిన తాళం అది. దాని తాళంచెవి నా దగ్గర కూడా లేదు.

ఇక నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవనివాణ్ణి, ఒంటి మీద బనియనుతో, ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, నోరంతా తెరిచి ఎద్దులా ఏడ్చాను. పిల్లలు నా వైపు తిరిగారు. సావధాన్‌లో ఉండగా వాళ్ళు తల తిప్పడం అదే మొదటిసారి. టార్పాలిన్ కింద ఉన్న ఆరో తరగతి బుడంకాయ ఒకడు నా మొహం చూసి జడుసుకుని "అమ్మా!" అన్నాడు. వాడి వెనక ఇంకొకడు. తరవాత కట్ట తెగింది. ముప్పై ఒక్క గొంతులు ఒక్కసారిగా అమ్మా, అమ్మా అని ఆ మంచులోకి అరిచాయి. వాళ్ళ ఏడుపుకు పడవ వణికింది. సరంగు ఎడమ అంచును రెండు చేతులా పట్టుకుని నిలబడి, "ఏడవండమ్మా, ఏడవండి, బంగారుకొండలు," అంటూనే ఉన్నాడు.

ఇంజను చప్పుడు తిరిగి వచ్చింది. ఈసారి ఆగకుండా తిన్నగా మా మీదకే వచ్చింది.

యానాంలో రేవు పక్కనే ఉన్న ఆసుపత్రికి అందరినీ మోసుకెళ్ళారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇళ్ళలోంచి దుప్పట్లు, రగ్గులు, పొడి చీరలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వేడి పాలు తెచ్చారు. డాక్టరుగారు ఆ పిల్లను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. వేసేముందు వరండాలో ఉన్న పిల్లల్ని చూసి, "ఈ చలిలో వీళ్ళకి ఈ బట్టలు వేసిందెవరు?" అన్నారు. నేను నోరు తెరవలేదు. సరంగు తెరిచాడు. "మంచులో లాంచీ తీసింది నేనండి. తప్పు నాదేనండి," అన్నాడు. నేను అప్పుడు కూడా మాట్లాడలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న ఆలోచన ఆ స్థితిలో కూడా వచ్చిందంటే నమ్ముతారా? వచ్చింది.

పదకొండింటికి డాక్టరుగారు బయటకు వచ్చి గండం గడిచిందన్నారు. మంచు అప్పటికే విడిచిపోయింది. బయట ఎండ పసుపు ఆరబోసినట్టు కాస్తోంది. లాంచీలు మామూలుగా తిరుగుతున్నాయి. మధ్యాహ్నం లాంచీలో ఆ పిల్ల తల్లి వచ్చింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆవిడ నన్ను దాటుకుని మంచం దగ్గరకు వెళ్ళి పిల్ల తల నిమిరింది.

"ఆయాసం వచ్చినప్పుడు మాస్టారికి చెప్పొచ్చు కదమ్మా? చలేస్తందని చెప్పొచ్చు కదా?"

పిల్ల తల్లి వైపు చూడలేదు. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. ఆ కళ్ళు తల్లి భుజం మీంచి నన్ను వెతికి పట్టుకున్నాయి.

"చలేం వెయ్యలేదండి మాస్టారూ," అంది.

అడిగింది తల్లి. జవాబు నాకు. నేను ఇక ఆగలేకపోయాను. కోటు తీయించింది నేనేనని, మీరు మలుపు తిరిగేదాకా ఆగి మరీ తీయించానని, మీ అమ్మాయినే ముందు తియ్యమన్నానని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నాలుగు తగిలించినా బాగుండేది. ఆవిడ దుప్పటి పిల్ల గడ్డం దాకా లాగి, అంచులు మంచం కిందకి దోపుతూ, నా వైపు తిరక్కుండానే, "చూసుకుంటానన్నారు కదండీ," అంది.

కొత్తగా మాస్టర్లయిన కుర్రాళ్ళారా, పిల్లలు మాట వినడం లేదని మీరు నాతో చెప్పుకుంటూంటే నాకు ఎందుకు సంతోషంగా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా? చలేస్తే చలేస్తోందని మీ మొహం మీదే అనగలిగే పిల్లలున్నారు మీకు. కిటుకు అడగకండి. కిటుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు. ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ గదిలోంచి నేను వరండాలోకి వచ్చాను. మిగిలిన ముప్పై ఒక్కరూ గోడకు చేరబడి, ఊరివాళ్ళు ఇచ్చిన దుప్పట్లలో ముడుచుకుని కూర్చున్నారు. కొందరు పాలు తాగుతున్నారు. ఇద్దరు నిద్రపోతున్నారు. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. నిద్రపోతున్నవాళ్ళను కూడా పక్కవాళ్ళు తట్టి లేపారు. చేతులు పక్కలకు చేర్చారు. దుప్పట్లు భుజాల మీంచి జారి కాళ్ళ దగ్గర పడిపోయాయి. ఎవరూ వంగి తీసుకోలేదు. ఆరాక మళ్ళీ తొడుక్కున్న అవే బనియన్లు, అవే పొట్టి చేతుల జాకెట్లు. పొద్దున పడవలో ఏడ్చినందుకు లెక్క తేల్చడానికి వచ్చాననుకున్నారు.

నేను విశ్రామ్ అనబోయి మానుకున్నాను. మొదటివాడి దగ్గరకు వెళ్ళి, కింద పడిన దుప్పటి తీసి, వాడికి కప్పుదామని రెండు చేతులూ ఎత్తాను. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాపాడు. కప్పి రెండోవాడి దగ్గరకు వెళ్ళాను. వాడూ అంతే. ఆ వరండా చివరికి వెళ్ళేదాకా ప్రతి ఒక్కరూ నేను దగ్గరకు రాగానే కళ్ళు మూసుకుని చెయ్యి చాపారు.